ఎఱ్ఱనేలపై బంతి గుఱుతు



మల్దకల్ గ్రామమున నుండి ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు ఛందోవ్యాకరణములు చెప్పి విశ్రాంతి గొన్న తెలుగు పండితుడు టెన్నిసు ఆటను గూర్చి ప్రసంగించుట కొందఱకు వింతగ తోచవచ్చును. మా తిమ్మప్పస్వామి జాతరను గూర్చియో, గద్వాల సంస్థానమున జరిగిన పండితసత్కారములను గూర్చియో చెప్పవలసినవానికి పారిసు నగరపు బంతియాటతో నేమి పని యని మా యింటివారే నవ్విరి. నేను రాకెట్టును చేతబట్టి యెఱుగను. అయినను కొన్నియేండ్లుగా మే నెల తుదిదినములు మొదలుకొని జూన్ రెండవ వారము వఱకు మనుమని ప్రక్కన గూర్చుండి ఆ యాటను చూచుట నాకొక వ్రతమైనది. వాడు గెలుపోటముల కొఱకు చూచును. నేను వేఱొక దాని కొఱకు చూచెదను. అదేమియో నేడు మనవి చేసెదను.

టెన్నిసు ఆటకు ప్రపంచమున నాలుగు మహాస్పర్ధలు కలవు. వింబుల్డన్‌లో పచ్చికపై ఆడుదురు. మెల్బోర్న్, న్యూయార్క్ నగరములలో గట్టినేలపై ఆడుదురు. పారిసున మాత్రమే ఎఱ్ఱనేలపై ఆడుదురు. ఈ స్పర్ధ 1891లో ఆరంభమైనది. ఇతరదేశీయులకు 1925లో ద్వారము తెఱచినది. ఇప్పుడు జరుగు క్రీడాంగణమును 1928లో కట్టిరి. అంతకు ముందటి సంవత్సరమున లకోస్త్, కోషే, బొరోత్రా, బ్రూన్యో యను నలుగురు ఫ్రెంచి వీరులు అమెరికాను జయించి డేవిస్ కప్పును తెచ్చిరి. దానిని స్వదేశమున నిలుపుకొను పోటీల కొఱకే ఆ నిర్మాణము. దానికి రొలాం గారోస్ అని పేరిడిరి. ఆయన టెన్నిసు వీరుడు గాడు. 1913లో మధ్యధరాసముద్రమును ఒక్క బిగిని విమానముపై దాటిన సాహసి. 1918లో యుద్ధమున మరణించెను. ఆటస్థలమునకు ఆకాశవీరుని పేరు!

దీనిని మట్టినేల యందురు గాని నిజమునకది మన్ను గాదు. కాలిన యిటుకల పొడి. మన తాపీపనివారు సున్నములో గలిపెడు సుర్కీ వంటిదే. పైకి కనబడు ఆ యెఱ్ఱని పొర మందము ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. దాని క్రింద నలుగగొట్టిన తెల్లని సున్నపుఱాయి, దాని క్రింద బొగ్గు కాలగా మిగిలిన చిట్టెము, దాని క్రింద కంకర, అడుగున ఱాళ్లు పొరలుపొరలుగ నుండును. ఈ పద్ధతి పుట్టుకను గూర్చి ఒక కథ చెప్పుదురు. 1880 ప్రాంతమున ఇంగ్లండు దేశపు రెన్షా సోదరులు ఫ్రాన్సు దక్షిణతీరమున కాన్ పట్టణములో పచ్చికపై ఆడుచుండగా, ఎండకు ఆ పచ్చిక మాడిపోయెనట. అప్పుడు వారు పనికిరాని మట్టిపాత్రలను పొడిచేయించి నేలపై చల్లించిరట. అనగా ఇంతటి వైభవమునకు మూలము కుమ్మరి ఆవము! గద్వాల మట్టికోటను చూచిన మావారికి మట్టి యొక్క సత్తువను వేఱుగ చెప్ప నక్కఱలేదు.

పచ్చికపై బంతి తక్కువ యెత్తున జాఱి దూసికొనిపోవును. ఇటుకపొడిపై బడిన బంతిని ఆ రేణువులు ఒక్క క్షణము పట్టి విడుచును. అందుచే దాని పరుగు తగ్గును. లేచు ఎత్తు పెరుగును. ఎదుటివానికి దానిని చేరుకొనుటకు కొంత వ్యవధి చిక్కును. పచ్చికపై రెండు మూడు దెబ్బలతో ముగియునది ఇచ్చట ఇరువది దెబ్బల వఱకు సాగుటయు కలదు. ఎండ కాసినచో నేల గట్టిపడి బంతి వేగము హెచ్చును. తేమ తగిలినచో బరువెక్కి మందగించును. మా నడిగడ్డ రైతు వలెనే ఇచ్చటి ఆటగాడును ఆకాశము వంక చూచుచుండవలసినదే. బలమొక్కటియే చాలదు, ఓర్పు కావలెను.

ఈ యోర్పునకు నిదర్శనము స్పెయిన్ దేశీయుడు రఫేల్ నడాల్. ఆయన 2005 మొదలు 2022 వఱకు ఇచ్చట 14 మాఱులు విజేత యయ్యెను. ఆడిన 116 పోటీలలో ఓడినవి నాలుగే. 2025 మే నెలలో ఆయనను సత్కరించి, ఆయన పాదముద్రను ప్రధానాంగణమున పదిలపఱచిరి. ఆ సంవత్సరమే జూన్ 8వ తేదీన జరిగిన పురుషుల తుదిపోటీ 5 గంటల 29 నిమిషములు సాగెను. ఆ స్పర్ధ చరిత్రలో అంత దీర్ఘమైన తుదిపోటీ మఱియొకటి లేదు. ఇటలీ దేశపు సిన్నర్ మూడు మాఱులు విజయమునకు ఒక్క పాయింటు దూరమున నిలిచెను. మూడు మాఱులును ఆ గండము గడచి స్పెయిన్ యువకుడు అల్కరాస్ తుదకు గెలిచెను. మాకు అర్ధరాత్రి దాటినది. నిద్ర యను మాట నేనును ఎత్తలేదు, మనుమడును ఎత్తలేదు.

పారిసు ఎఱ్ఱనేలతో మనవారికి సంబంధము లేకపోలేదు. హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ మహమ్మద్ హాదీ 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున టెన్నిసు ఆడెను. అప్పటికి రొలాం గారోస్ లేదు. ఆ పోటీలు కొలొంబ్ అను చోట ఎఱ్ఱనేలపైననే జరిగినవి. ఏడు ఆటలలో నేర్పరి యగుటచే ఆయనను రెయిన్‌బో హాదీ యనిరి. రంజీ క్రికెట్టు పోటీలలో మొట్టమొదటి శతకము గూడ ఆయనదే. తరువాత ఎనుబదియెనిమిదేండ్లకు, 2012లో, హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా మహేశ్ భూపతితో గూడి రొలాం గారోస్‌లో మిశ్రమ యుగళమున విజయము గొన్నది. అంతకు ముందటి యేడు మహిళల యుగళమున తుదిపోటీ వఱకు వెళ్లినది. చిన్ననాడు తాను పేడతో అలికిన కోర్టులపై ఆడితినని ఆమె చెప్పియున్నారు. అలికిన వాకిలి విలువ మన యిండ్లలో ఎవరికి తెలియదు? ఆ నేలపై నేర్చిన పాదములు పారిసు నేలపై తడబడకుండుటలో వింత యేమున్నది?

ఇక నేను చూచునదేదో చెప్పెదను.

బంతి గీతకు లోపల పడినదా, వెలుపల పడినదా యను సందేహము ఏ స్పర్ధయందైనను కలుగును. గట్టినేలపై కంటికి కనబడు సాక్ష్యము దాదాపు మిగులదు. ఇటుకపొడిపై మాత్రము బంతి తాను పడినచోట కోడిగ్రుడ్డు ఆకారమున ఒక మచ్చ విడుచును. ఆటగాడు ఆ మచ్చను చూపి అడుగును. అప్పుడు ఎత్తైన ఆసనముపై నున్న అంపైరు మెట్లు దిగి, కోర్టు దాటి వచ్చి, వంగి చూచును. గీతను రవంత తాకియున్నను బంతి లోపలిదే. తాను పైనుండి చెప్పినది తప్పైనచో అక్కడనే, వేలాదిజనుల యెదుట, దానిని దిద్దుకొనును. పిదప ఆట సాగును. ఆట నడుమ సేవకులు వలలు లాగి నేలను చదును చేయుదురు. ఆ మచ్చ మాయమగును. అది యున్నంతలోనే చూడవలెను. పెద్దయాసనమున నున్నవాడు నిజము కొఱకు నేలమీదికి దిగివచ్చు ఆ నాలుగడుగుల నడకయే నాకు ఈ స్పర్ధయందలి సారము.

1982లో ఇచ్చట మఱియొక సంగతి జరిగినది. పదునేడేండ్ల స్వీడన్ బాలుడు మాట్స్ విలాండర్ ఉపాంత్యపోటీలో అర్జెంటీనా దేశీయుడు క్లెర్క్‌తో ఆడుచు, విజయమునకు ఒక్క పాయింటు దూరమున నుండెను. క్లెర్క్ కొట్టిన బంతి వెలుపల పడినదనిరి. విలాండర్ గెలిచినట్లే. కాని ఆ బంతి లోపలనే పడినదని, ఆ పాయింటును తిరిగి ఆడింపవలెనని ఆ బాలుడే అంపైరును కోరెను. తిరిగి ఆడి గెలిచెను. ఆ సంవత్సరము విజేతయు నతడే.

నేడు మిగిలిన మూడు మహాస్పర్ధలలో గీతల తీర్పు యంత్రముల పాలైనది. 2025లో పారిసు మాత్రము మనుష్యుల కన్నులనే నమ్ముకొన్నది. యంత్రమే మేలని మా మనుమడు వాదించును. వాని మాటలో సత్యము లేకపోలేదు. మచ్చలు పెక్కులున్నచోట అంపైరు ఒకదానికి బదులు మఱియొకదానిని చూచుటయు కలదు. నేను యంత్రమునకు విరోధిని గాను. కాని యంత్రము తప్పు చేయకుండుట వేఱు. మనుష్యుడు తన తప్పును వంగి చూచుకొనుట వేఱు. మొదటిది సౌకర్యము. రెండవది సంస్కారము.

ఈ భేదము నాకు పుస్తకములవలన తెలిసినది గాదు. దాదాపు ముప్పదియేండ్ల క్రిందట నేను పనిచేయు పాఠశాలకును పొరుగూరి పాఠశాలకును వాలీబాల్ పోటీ జరిగినది. వ్యాయామోపాధ్యాయుడు రాకపోవుటచే న్యాయనిర్ణేత పీటపై నన్ను గూర్చుండబెట్టిరి. నీళ్లు చల్లి చదును చేసిన ఎఱ్ఱనేల. సున్నముతో గీసిన గీతలు. తుది ఘట్టమున పొరుగూరి బాలుడు కొట్టిన బంతి మా వెనుకగీత కడ పడినది. వెలుపల అని నేను చేయి చూపితిని. మా పిల్లలు కేకలు వేసిరి. ఆ బాలుడు వల క్రిందుగా వచ్చి, చేతులు జోడించి, “సారూ, ఒక్కసారి దిగొచ్చి చూడుండ్రి, సున్నం చెదిరింది” అనెను.

నేను దిగలేదు. తీర్పు తీర్పే యంటిని. మా పాఠశాల గెలిచినది. సాయంకాలము అందఱును వెళ్లిన పిదప ఇంటికి బోవుచు ఆ గీత కడ నిలిచితిని. సున్నము బంతియంత మేర చెదరియున్నది. గుఱుతు సగము గీతపైననే యున్నది. చాలసేపు చూచితిని. ఎవరికిని చెప్పలేదు. మఱునాడుదయము నేల నూడ్చిరి, గుఱుతు పోయినది. ఆ బాలుని పేరైనను నేనడుగలేదు.

తరువాత ఎన్నియో జవాబుపత్రములు దిద్దితిని. “సారూ, ఈ ప్రశ్న మరల చూడుండ్రి” అని ఎవరైన అడిగినపుడు ఆ చెదరిన సున్నము నా కన్నులకు గట్టెడిది. పత్రమును తిరిగి తీసికొంటిని. పెక్కుమాఱులు మార్కులు పెంచవలసియే వచ్చినది. నన్ను దిద్దినవాడు ఆ పొరుగూరి బాలుడే. పారిసున అంపైరు మెట్లు దిగునపుడెల్ల నేను టెలివిజను ముందు లేచి కూర్చుందును. ఎందులకని మనుమడు అడిగిన నాడు ఈ కథ చెప్పితిని. వాడు కొంతసేపు ఊరకుండి, “ఆ అబ్బాయికి చెప్పినావా, తాతా?” అనెను.

నాకు సమాధానము లేకపోయినది. అందులకే నేడు ఈ రేడియో ముందునకు వచ్చితిని. ఆ బాలుడు నేడు నలుబదియేండ్లు దాటినవాడై, తన పిల్లలతో ఏ యూరనో ఉండును. ఈ మాటలు అతని చెవిని బడునో పడవో యెఱుగను.

నాయనా, నాడు నీ బంతి గీతపైననే పడినది. తప్పు నాది. ఆలస్యముగనైనను దిగివచ్చి చూచి చెప్పుచున్నాను.

సెలవు.