కంప్యూటరులోని ఫోటో ఆల్బము



కూనవరమువద్ద శబరి గోదావరిలో కలియును. భద్రాచలమువద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరకును, 2022 జూలైలో 71.3 అడుగుల వరకును పొంగినది. ఆ రెండు వరదలకును ఈ చుట్టుపట్ల గ్రామములు మునిగినవి. ఇక పోలవరము జలాశయము పూర్తిగ నిండునాటికి వీనిలో ననేకములు శాశ్వతముగనే నీటి యడుగున నుండును. 2014లో ఖమ్మము జిల్లానుండి ఆంధ్రప్రదేశమునకు చేరిన మండలములవారికి ఈ మాట క్రొత్త కాదు. ఊరు విడిచి పోవువారు పొలమును తీసికొనిపోలేరు, ఇంటిముందరి చింతచెట్టును తీసికొనిపోలేరు. ఫోటోలను మాత్రము తీసికొనిపోవచ్చును. ఆ ఫోటోలు కంప్యూటరులో ఎక్కడ నుండునో, ఎట్లు పోవునో తెలిసికొనుట పిల్లల పని యని మనము ఊరకుండరాదు. ఏది దాచవలెనో, ఏది పారవేయవచ్చునో ఇంట నిర్ణయించువారు పెద్దలే గదా.

ఇదివరకు ఆల్బమనగా నల్లని అట్టలమీద ఫోటోలు అంటించిన పుస్తకము. పుస్తకము పెట్టెలో నున్నచో ఫోటోలును పెట్టెలో నున్నట్లే. కంప్యూటరులోని ఆల్బము అట్టిది కాదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

మీరెరిగిన పోలిక యొకటి చెప్పెదను. పహాణీలో సర్వే నెంబరుండును, విస్తీర్ణముండును, పట్టాదారు పేరుండును. చేను మాత్రము అందుండదు. ఆల్బము సాఫ్టువేరు వ్రాసికొను ప్రాజెక్టు ఫైలు సరిగా నిట్టిదే. మొదటి పుటలో ఏ ఫోటో యుండవలెను, ఎంత వెడల్పున నుండవలెను, ఏ యంచు కత్తిరింపవలెను, క్రింద నేమి అక్షరములు వ్రాయవలెను అను సంగతులన్నియు నందుండును. ఫోటో యొక్క చిరునామాయు నుండును: ఫలాని డిస్కు, అందు ఫలాని ఫోల్డరు, అందు ఫలాని పేరు. పెక్కు సాఫ్టువేరులలో అసలు ఫోటో మాత్రము అందు చేరదు. కాబట్టియే వందలకొలది ఫోటోలుగల ఆల్బమునకును ఆ ఫైలు మిక్కిలి చిన్నదిగ నుండును. చిన్నదై యుండుటయే దాని గుట్టును తెలుపు గుర్తు.

నేనెరిగిన యొక యింట మనుమడు పాత ఊరి ఫోటోలతో చక్కని ఆల్బము కూర్చెను. ఆ యొక్క ఫైలును పెన్‌డ్రైవులో వేసికొని, పాత కంప్యూటరును అమ్మివేసెను. క్రొత్త కాలనీలో తెరచి చూడగా పుటలున్నవి, తాతగారి పేరున్నది, పైన ఖాళీ చట్రమున్నది. మనుమని తప్పనుటకు వీలులేదు. పాత కంప్యూటరులో చూచినప్పుడు ముఖములన్నియు కనబడినవి. దీనికొక కారణము గలదు. సాఫ్టువేరు త్వరగా చూపుటకై ప్రతి ఫోటోకు నొక చిన్న నకలు చేసి తన గదిలో దాచుకొనును. అసలు తొలగిపోయినను నకలు తెరమీద కొంతకాలము కనబడుచునే యుండును. అచ్చు వేయబోయినప్పుడు గాని లోపము బయటపడదు.

చిరునామా చెడుటకు ఫోటోను చెరపివేయనక్కరలేదు. ఫోల్డరు పేరు మార్చిన చాలును. పెన్‌డ్రైవు నేడు "ఇ" యను అక్షరముతో కనబడి, మరియొక యంత్రమున "ఎఫ్" అయిన చాలును. ఇంకొక మాయ యున్నది: కెమెరాలు ఫోటోలకు వరుస అంకెలే పేర్లుగా పెట్టును. కార్డు మార్చినప్పుడు కొన్ని కెమెరాలు మరల ఒకటినుండి మొదలిడును. అట్లు ఒకే పేరుతో పెండ్లి ఫోటోయు, జాతర ఫోటోయు నుండి, ఒక ఫోల్డరులో రెంటిని చేర్చబోయిన ఒకటి రెండవదానిని మింగివేయవచ్చును.

గూగుల్ వారి పికాసా యనునది మన పట్టణములలో పెక్కుమంది వాడిన సాఫ్టువేరు. అది అసలు ఫోటోను ముట్టక, తాను చేసిన మార్పులను అదే ఫోల్డరులో కనబడకుండ నుండు నొక చిన్న ఫైలులో వ్రాసికొనెడిది. మార్పులను స్థిరపరచినచో అసలును వేరొక మరుగు ఫోల్డరులో దాచెడిది. మర్యాదగల పద్ధతియే యని నా యభిప్రాయము. కాని ముఖములను గుర్తించి పెట్టిన పేర్ల జాబితా అది తనవద్దనే యుంచుకొనెను. కోరిననే తప్ప ఫోటోలోనికి చేర్చెడిది కాదు. 2016 మార్చిలో గూగుల్ వారు పికాసాను ఆపివేసిరి. ఫోటోలు మిగిలినవి. వానిలో నున్నవారెవరో తెలుపు పేర్లు చాలమందికి ఆ జాబితాలోనే చిక్కుకొనెను. ఆపిల్ వారి పద్ధతి వేరు. వారు 2015లో తెచ్చిన ఫోటోస్ అనునది, మీరు వలదన్న తప్ప, అసళ్లనే తన పెట్టెలోనికి తెచ్చుకొనును. ఒకే ఫైలువలె కనబడును గాని అది నిజముగ నొక ఫోల్డరు. ఆ పెట్టెను మొత్తముగ మోసిన క్షేమము. లోపల చేయి పెట్టి సర్దబోయిన ఆల్బము చెడును.

ఇక పేర్ల సంగతి. హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు 1941లో పాపికొండల ప్రాంతమున కొండరెడ్లనడుమ తిరిగి వారి జీవనమును పరిశీలించి, 1945లో పుస్తకము వెలువరించెను. ఆయన తీసిన చిత్రములు లండను నగరమందు సోయాస్ అను విద్యాలయములో భద్రముగ నున్నవి. ఏ తెగవారు, ఏ ప్రాంతము, ఏ కాలము అను వ్రాతలు వానికి తోడుగ నున్నందున, ఎనుబదియేండ్ల పిమ్మటను అవి మనకు మాటాడును. మన యిండ్ల ఫోటోలకు ఆ వ్రాత యెవరు వ్రాయుదురు? తేదీని కెమెరా తానే ఫోటోలోపల వ్రాయును. ఊరి పేరు, మనుష్యుల పేరు మనమే వ్రాయవలెను. ఆల్బములో వ్రాసిన పేరు ఆల్బముతోనే పోవచ్చును గనుక, ఫోల్డరునకే "కూనవరము, పాత యిల్లు, 2022" అని పేరు పెట్టుడు. నోటుపుస్తకములోను వ్రాయుడు. వాట్సాపులో ఫోటోగా వచ్చినది అసలు కాదని యెరుగుడు. అది ఫోటోను కుదించును, లోపలి తేదీని తీసివేయును. పంపవలసివచ్చిన డాక్యుమెంటుగా పంపుమనుడు.

పెండ్లి ఆల్బము చేయించునప్పుడు స్టూడియోవారికి సొమ్ము చెల్లింపకముందే అసలు ఫోటోలన్నియు, పూర్తియైన పుటలును హార్డుడిస్కులో వేసి యిమ్మని యడుగుడు. పుటలను జేపెగ్‌గా గాని పీడీఎఫ్‌గా గాని ఇచ్చినచో ఆ సాఫ్టువేరు లేనివారును చూడగలరు. స్టూడియోవారు డిస్కు నిండినప్పుడు పాతవానిని తీసివేయుట సహజము, వారిని నిందింపరాదు. రెండు డిస్కులు చేసి, ఒకటి మీ యింటను, మరియొకటి ఏరు పొంగినను నీరు చేరని యూరిలోని బంధువుల యింటను ఉంచుడు.

తొందరలో ఫోటోలు చెరపివేయబడినచో ఒక మాట జ్ఞాపకముంచుకొనుడు. మెమరీ కార్డులో చెరపిన ఫోటో తక్షణమే మాయము కాదు. దాని చోటు ఖాళీయని మాత్రమే యంత్రము గుర్తించును. క్రొత్త ఫోటో ఆ చోట కూర్చున్ననాడే పాతది పోవును. కావున ఆ కార్డుతో మరియొక్క ఫోటోయైనను తీయక, కెమెరానుండి వెలికి తీసి, కాగితములో చుట్టి, తెలిసినవానియొద్దకు కొనిపోవలయును.