చెక్క ఓడకు చెక్క రంగు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం డిసెంబరు 17న మనం కలుసుకొని డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు మాట్లాడుకోవడం ఆనవాయితీ. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకోవడం కూడా ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు మార్పు కోసమని నన్ను నా "ఓడల పిచ్చి" గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. పిచ్చి అన్న మాట వారిదే. నేను అభ్యంతరం చెప్పలేదు.

హొళగుందలో కూర్చున్నవాడికి యుద్ధనౌకతో ఏం పని అని మీకు తోచవచ్చు. సముద్రం మనకు చాలా దూరం. మనలో చాలామంది ఎక్కిన పడవ తుంగభద్రలో పుట్టి ఒక్కటే. విశాఖ బీచిలో ఒడ్డుకు చేర్చి పెట్టిన కుర్సురా సబ్‌మెరైను చూసివచ్చిన వారు కొందరు ఉన్నారు. నేను ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా ముప్పై ఏళ్ళు కాలువలను, తూములను కాగితం మీదికి కుదించినవాణ్ణి. వస్తువును కుదించి చూపడం చేతికి అలవాటైన పని. రిటైరైన తర్వాత ఆ అలవాటు ఓడల మీదికి మళ్ళింది, అంతే.

ఓడ నమూనా కట్టడం కన్నా రంగు వేయడం కష్టం. అందులోనూ చెక్క రంగు మరీ కష్టం. పెద్ద యుద్ధనౌకలు ఉక్కువే అయినా వాటి డెక్కు మీద చెక్క పలకలు పరిచేవారు. 1945 సెప్టెంబరు 2న జపాను లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరిగిన అమెరికా ఓడ మిస్సోరీ డెక్కు టేకుదే. జపాను వారి యమాటోకు హినోకి అనే తెల్లటి కలప వాడారు. ఇక అంతకు ముందు కాలంలో ఓడ మొత్తం చెక్కే. బొంబాయిలో వాడియా వంశం వారు మన టేకుతో కట్టి 1817లో నీటిలోకి దించిన ట్రింకోమలీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీద తేలుతూనే ఉంది.

టేకు అనగానే మన కళ్ళకు కట్టేది కొత్త తలుపు రంగు. ఆదోనిలో ఇనుప తలుపును టేకు తలుపులా మార్చే పెయింటర్లను మీరు చూసే ఉంటారు. ముందు లేత పసుపు కోటింగు వేసి, ఆరాక దానిమీద పల్చటి గోధుమ రంగు పూసి, తడిగా ఉండగానే దువ్వెన లాగి గీతలు తెప్పిస్తారు. పైన వార్నిషు. చూస్తే బర్మా టేకే అనిపిస్తుంది. నేను ఒకాయన దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని ఆ పని నేర్చుకున్నాను. లేత రంగు కింద, ముదురు రంగు పైన, పైదాన్ని పల్చగా తుడవడం అనే సూత్రం ఓడకూ పనికివస్తుంది. దువ్వెన మాత్రం పనికిరాదు.

ఎందుకో లెక్క వేసి చెబుతాను, పాత అలవాటు. 1:350 స్కేలులో మిస్సోరీ నమూనా సుమారు 77 సెంటీమీటర్లు. పదిహేను సెంటీమీటర్ల డెక్కు పలక అందులో అర మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు పలకల మధ్య నార కొట్టి కీలు పోసిన సందు ఒక సెంటీమీటరు అనుకుంటే నమూనాలో 0.03 మిల్లీమీటరు. నా గీతల పెన్నుల్లో అంత సన్నది ఏనాడూ లేదు. ఇక కలపలోని గీత ఎక్కడ కనబడుతుంది? రెండడుగుల దూరం నుంచి ఆ నమూనాను చూడటమంటే అసలు ఓడను ఏడు వందల అడుగుల దూరం నుంచి చూడటం. అంత దూరాన రంగులు కూడా వెలిసినట్లు ఉంటాయి. కాబట్టి ప్రతి రంగులోనూ కొంచెం తెలుపు కలపాలి. మెరుపు అసలే ఉండకూడదు.

పైగా ఓడ మీది టేకు గోధుమ రంగులో ఎక్కువ కాలం ఉండదు. ఎండ, ఉప్పునీరు, రోజూ ఇసుకరాయితో రుద్దుడు. వీటితో వెలిసి బూడిద కలిసిన లేత గంధం రంగుకు వస్తుంది. మన ఇళ్ళ ముందు నలభై ఏళ్ళు ఎండకు ఎండిన బండి నొగను చూడండి, అదే రంగు. యుద్ధకాలంలో అమెరికా వారు విమానాలకు కనబడకుండా ఆ టేకు మీద నీలం రంగే పూశారు. అందువల్ల ఏ సంవత్సరపు ఓడ అన్నది తేల్చుకోకుండా సీసా మూత తీయకూడదు.

నా పద్ధతి ఇది. మొదట గంధం రంగు ఒక కోటింగు. ఆరాక అక్కడొకటి అక్కడొకటి పలకలను ఎంచుకొని, మిగతావి టేపుతో కప్పి, కాస్త ఎరుపు, కాస్త బూడిద, కాస్త పసుపు తేడాతో నాలుగైదు ఛాయలు వేస్తాను. పక్కపక్కన చదరంగం గళ్ళలా పడితే మొత్తం చెడినట్లే. తర్వాత ఆర్టిస్టులు వాడే ఆయిల్ ట్యూబులోని బర్ంట్ అంబర్‌ను టర్పెంటైనులో టీ నీళ్ళలా కలిపి డెక్కంతా పారిస్తాను. అది సందుల్లో నిలుస్తుంది. పైది గుడ్డతో పలక వాటాన తుడిచేస్తాను. చివర మెరుపు లేని వార్నిషు.

మన ఊరి వాతావరణం దీనికి సగం మేలు, సగం కీడు. రంగు తొందరగా ఆరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎంత తొందరగా అంటే కుంచె ఓడకు తాకేలోపే ఆరుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆరులోపు ముగించాలి. ఆషాఢం గాలిలో వార్నిషు జోలికి పోరాదు. ఆదోని బంధువుల ఇంట్లో ఒక డెక్కు ఆరబెడితే జిన్నింగు మిల్లు వైపు నుంచి దూది పింజ వచ్చి వాలింది. సూదితో దాన్ని తీయడానికి ఒక పూట పట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సభలోనే కూర్చున్న మన మిత్రుడొకరు, పేరు చెప్పవద్దన్నారు, 1970ల మొదట్లో నేవీలో ఉన్నారు. ఆ తర్వాతే మన ఉద్యోగాల్లోకి వచ్చారు. వారు పనిచేసిన ఓడ పేరు ఐ.ఎన్.ఎస్. కాకినాడ. మన ఆంధ్ర రేవు పేరు పెట్టిన మైన్‌స్వీపరు, అంటే సముద్రంలో అమర్చిన మందుపాతరలను ఏరే ఓడ. బ్రిటిషు వారి టన్ తరగతి ఓడలు నాలుగు 1956లో మనకు వచ్చాయి. కార్వార్, కన్ననూర్, కడలూర్, కాకినాడ. సుమారు 46 మీటర్ల పొడవు. ఇనుము దగ్గరికి రాగానే పేలే అయస్కాంత మందుపాతరలుంటాయి కాబట్టి వీటిని ఉక్కుతో కట్టలేదు. అల్యూమినియం చట్రం మీద రెండు పొరల మహాగని పలకలు బిగించారు.

మిత్రునికి గ్లాకోమా. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తోంది. పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పారట. "అన్నా, నా ఓడను నేను చూడగలిగేలోపు చేసిపెట్టు" అన్నారు. నాకు అంతకు ముందెప్పుడూ గడువు పెట్టి ఓడ చేయించినవారు లేరు.

1:100 స్కేలులో 46 సెంటీమీటర్లు. మన వడ్రంగి చేత తెల్ల పొణికి చెక్కతో ఒడలు చెక్కించాను. కొండపల్లి బొమ్మలకు వాడేది అదే కలప. అది చూసి మిత్రుని కుమారుడు ఒక మాట అన్నాడు. "సార్, చెక్క ఓడ అంటున్నారు గదా, మంచి మహాగని పొర అతికించి పాలిష్ కొట్టండి. షోకేసులో నిగనిగలాడుతుంది. నాయనకూ బాగా కనబడుతుంది." కొడుకు తండ్రి చూపు గురించే ఆలోచించాడు. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. రెండు రోజులు పని ఆపి ఆలోచించాను.

కాని నిజం మహాగని అతికిస్తే దాని గీతలు నూరింతలు పెద్దవిగా కనబడతాయి. చెట్టు గీతను మనం కుదించలేము. పైగా ఆ ఓడ బయటికి బూడిద రంగే. నావికుడు చూసింది చెక్కను కాదు, చెక్క మీది రంగును. చివరికి మిత్రుణ్ణే అడిగాను. ఆయన చెప్పింది ఇది: "బూడిద రంగే వెయ్యన్నా. కాని జెట్టీకి రాసుకున్నచోట రంగు లేచి ఎర్రగా చెక్క కనబడేది. దాన్ని గోకి మళ్ళీ రంగు వేసింది నేనే. ఆ చోట్లు మాత్రం మరవొద్దు."

కాబట్టి పొణికి రంధ్రాలు పుట్టీతో పూడ్చి, గీత అన్నది లేకుండా నున్నగా రుద్ది, ముందు ఒడలంతా మహాగని ఎరుపు వేశాను. ఆరాక ఆయన వేలితో చూపించిన చోట్ల నీటి తడి పెట్టి మెత్తటి ఉప్పు చల్లాను. దానిమీద ఎయిర్ బ్రష్‌తో బూడిద రంగు. కుంచె అయితే ఉప్పును ఈడ్చుకుపోతుంది. మర్నాడు ఉప్పును బ్రష్షుతో రాలిస్తే కింది ఎరుపు పెచ్చులు పెచ్చులుగా బయటపడింది. ఉక్కు ఓడలకు వేసే తుప్పు చారలు దీనికి వేయలేదు. చెక్కకు తుప్పు పట్టదు కదా. ఎగ్జిబిషన్లలో ఈ పొరపాటు చాలా చూస్తుంటాం. కొడుకు మాటను కూడా పూర్తిగా తోసేయలేదు. ఆ పెచ్చుల ఎరుపులో తెలుపు కలపకుండా, స్కేలుకు తగినదానికన్నా ఒక ఛాయ ముదురుగానే ఉంచాను. లెక్క ప్రకారం అది తప్పు. తెలిసే చేశాను.

గత నెల ఓడను వారింటికి తీసుకువెళ్ళాను. కిటికీ దగ్గర, ఎడమ పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టమన్నారు. ముఖం పక్కకు తిప్పి, చూపున్న వైపు నుంచి ముక్కు దగ్గరగా పెట్టుకొని ముందు నుంచి వెనకదాకా చూశారు. జెట్టీ గీతల దగ్గర ఆగి మనవణ్ణి పిలిచి "ఇక్కడ, ఇక్కడ నేను తాడు కట్టుకొని వేలాడేవాణ్ణిరా" అన్నారు. వెంటనే నా వైపు తిరిగి, లంగరు దగ్గర కూడా రంగు లేచిపోయేదని, అక్కడ వేయలేదేమని అడిగారు.

ఓడ మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది. సంక్రాంతిలోపు తిరిగి ఇవ్వాలి. చూడదలచినవారు ఉదయం ఆరులోపు రండి, ఆ తర్వాత నేను కుంచె పట్టను.