డ్యూటీలో దొరికే ప్రశ్న



ఇవాళ పట్టాలందుకున్న మీలో చాలామంది రేపోమాపో ఉద్యోగాల్లో చేరతారు. కొన్నాళ్లకు కొందరికి పీహెచ్‌డీ చేయాలనిపిస్తుంది. ఉద్యోగం మానదామంటే ఇంట్లో అప్పు, చెల్లెలి చదువు. నా పరిస్థితీ అదే. ఆసుపత్రిలో బయోమెడికల్ ఇంజనీరుగా డ్యూటీ చేస్తూనే పార్ట్‌టైమ్‌లో డాక్టరేటు పూర్తిచేశాను. పొద్దున ఎన్నింటికి లేచేవారు, ఆదివారాలు ఏం చేసేవారు అని అందరూ అడుగుతారు. ఏ ప్రశ్న పట్టుకున్నారని మాత్రం ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదే.

నా ప్రశ్న నాకు డ్యూటీలోనే దొరికింది. ఒకరోజు వార్డు నుంచి ఫోన్ వచ్చింది: పల్స్ ఆక్సిమీటర్ ప్రోబ్ పోయింది, వచ్చి మార్చండి అని. వెళ్లి చూస్తే గురజాల వైపు నుంచి వచ్చిన పెద్దావిడ, ఏళ్ల తరబడి మిరపకోతలకు వెళ్లిన మనిషి. మానిటర్ మీద ఆక్సిజన్ ఒకసారి 82, ఒకసారి 91, మరోసారి ఉత్త గీతలు. ఆవిడేమో మంచం మీద కూర్చుని మనవడికి జాగ్రత్తలు చెబుతోంది. ప్రోబ్ మార్చినా అంతే. నా వేలికి పెట్టుకుంటే 98. ఆవిడ చెయ్యి పట్టుకుని చూశాను. వేలి కొసలు కాయలు కాచి, చల్లగా ఉన్నాయి. చెవితమ్మెకు తగిలించే క్లిప్పు తెచ్చి పెడితే అంకె నిలబడింది.

ఆ పరికరం వేలిలోకి రెండు కాంతులు పంపుతుంది, 660 నానోమీటర్ల ఎరుపు ఒకటి, 940 దగ్గర పరారుణం ఇంకొకటి. నాడి కొట్టినప్పుడల్లా ఏ కాంతి ఎంత తగ్గిందో చూసి ఆక్సిజన్ లెక్క కడుతుంది. నాడి సంకేతం సన్నగిల్లితే లెక్క తడబడుతుంది. 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, రక్తపరీక్షలో బయటపడిన ఆక్సిజన్ కొరతను ఈ పరికరం తెల్లవారికంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా పసిగట్టలేకపోయిందని తేలింది. మరి పల్నాటి పొలాల్లో అరిగిన చేతుల మీద దీన్ని ఎవరు పరీక్షించారు? నా పరిశోధన ఆ మంచం దగ్గరే మొదలైంది.

డ్యూటీలో ప్రశ్న దొరకడం నా ఒక్కడికే జరగలేదు. ఈ పరికరానికి మూలసూత్రం కనిపెట్టిన తకువో అవోయాగి జపాన్‌లో నిహాన్ కోడెన్ కంపెనీ ఇంజనీరు. రక్తంలోకి రంగు ఎక్కించి, గుండె ఎంత రక్తం పంపుతోందో కొలవబోతే నాడి కొట్టుకోవడం అడ్డొచ్చింది. ఆ అడ్డంకి సంగతేమిటో తేల్చుకుందామని కూర్చుంటే, 1974లో పల్స్ ఆక్సిమీటర్ బయటికొచ్చింది. టోక్యో విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేటు ఇచ్చింది 1993లో, ఆ ఉద్యోగంలో ఉండగానే. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేస్తూ చదువుకున్నారు, 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ అందుకున్నారు.

నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది. ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నారని తెలియగానే ఫోన్లు మొదలవుతాయి. పేపర్ రాసిస్తాం, అచ్చు వేయిస్తాం, థీసిస్ కూడా మాదే పూచీ, మీకు తీరికెక్కడిది సార్ అంటూ తేనె పూస్తారు. వెనక వరసలో గుసగుసలాడుతున్న బాబులూ, మీకే చెబుతున్నాను. కొన్న పేపర్లో ఉండేది కల్పించిన రీడింగు. దాన్ని నమ్మి ఇంకెవరో సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఆ యంత్రాన్ని ఏదో ఒక రాత్రి మీ అమ్మ వేలికే తగిలిస్తారు. పైగా, థీసిస్‌కు ముందు జర్నల్లో పేపర్ ఉండి తీరాలన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇంకా అడుగుతాయి, నిజమే. అడిగితే ఒక్కటి రాయండి, మీ చేత్తో రాయండి. అవసరమే లేనిచోట దొంగతనం దేనికర్రా?

పీహెచ్‌డీలో చేరేముందు మీ యాజమాన్యం దగ్గర నో అబ్జెక్షన్ లెటర్ తీసుకోండి. మూడు మాటలు అందులో ఉండాలి: పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు తగిన సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్‌కు రిలీవ్ చేస్తామని. మూడోది రాయడానికి వెనకాడతారు. మొహమాటపడకుండా అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా రోగి రీడింగ్ ఒక్కటి కూడా మీ నోట్‌బుక్కులోకి ఎక్కకూడదు, మీరు ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తున్నా సరే.

అమ్మాయిలూ, పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మీకు ఆపైన మరో రెండేళ్లు ఇవ్వవచ్చని ఆ యూజీసీ నిబంధనల్లోనే ఉంది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇంకెందుకీ పీహెచ్‌డీ అనే పెద్దలు ఈ హాల్లోనూ ఉండి ఉంటారు. ఈ సాయంత్రమే ఇంటికెళ్లి వాళ్లకు ఆ పేజీ చదివి వినిపించండి.