దారి ఖర్చు ఎవరిది?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన బతికినన్నాళ్లూ కూలి రేట్ల తగాదాలే వాదించారు. ఆయన ఇవాళ ఉంటే డెలివరీ కుర్రాళ్ల వకాల్తా పుచ్చుకునేవారని నా నమ్మకం.

ఆ వకాల్తాకు పనికొచ్చే ఒక కేసు చెబుతాను. డైనమెక్స్ అని అమెరికాలో ఒక కొరియర్ సంస్థ ఉండేది. పార్సిళ్లను అదే రోజు చేర్చడం దాని వ్యాపారం. 2004 దాకా కాలిఫోర్నియాలో డ్రైవర్లు దాని ఉద్యోగులే. ఆ ఏడాది అందరినీ స్వతంత్ర కాంట్రాక్టర్లుగా మార్చేసింది. బండి డ్రైవరుది. పెట్రోలు, టోలు, రిపేరు, ఇన్సూరెన్సు అన్నీ డ్రైవరువే. కస్టమరు దగ్గర ఎంత వసూలు చేయాలో మాత్రం సంస్థ చెప్పేది. 2005లో ఒక డ్రైవరు దావా వేశాడు. అతను అక్కడ పనిచేసింది 15 రోజులు. ఆ దావాలోనే 2018 ఏప్రిల్ 30న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఒక గొప్ప తీర్పు ఇచ్చింది.

కనీస వేతనం లాంటి హక్కుల విషయంలో పనివాడు ఉద్యోగేనని మొదట అనుకోవాలి, కాదంటే సంస్థే రుజువు చేయాలి అన్నది ఆ తీర్పు. రుజువు చేయాల్సినవి మూడు. పని ఎలా చేయాలో అతనికి ఎవరూ చెప్పడం లేదని ఒకటి. అతను చేసేది సంస్థ మామూలు వ్యాపారానికి బయటి పని అని రెండోది. అతనికి అదే పనిలో సొంత వ్యాపారం నిజంగా ఉందని మూడోది. మూడింటిలో ఒక్కటి తప్పినా అతను ఉద్యోగే. పార్సిళ్లు చేర్చే సంస్థ, పార్సిలు చేర్చడం మా వ్యాపారం కాదని ఏ కోర్టులో చెప్పగలదు?

ఆ తీర్పులో ఒక ఉదాహరణ ఉంది. దుకాణంలో కుళాయి కారితే వచ్చి బాగుచేసే ప్లంబరు దుకాణం ఉద్యోగి కాడు. బట్టల కంపెనీ ఇచ్చిన గుడ్డతో, కంపెనీ ఇచ్చిన నమూనాతో ఇంట్లో కూర్చుని గౌన్లు కుట్టే ఆమె మాత్రం ఆ కంపెనీ మనిషే. ఇది చదువుతుంటే మన దర్జీలు గుర్తొచ్చారు. తెలంగాణ ప్రాంత దుకాణాలు, సంస్థల చట్టం కింద నడిచిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు అది. 1973లో మన సుప్రీంకోర్టు తేల్చింది. ఆ దర్జీలకు పీసు రేటు. పని ఉంటేనే రావడం. సెలవు చీటీ లేదు, వేరేచోట కుట్టుకున్నా అడ్డు లేదు. గుడ్డ ఇంటికి పట్టుకెళ్లి కుట్టేవాళ్లూ ఉన్నారు. యజమానులు ఇవన్నీ చూపించి, వీళ్లు మా పనివాళ్లు కారన్నారు. జస్టిస్ కె.కె. మాథ్యూ ఒప్పుకోలేదు. మిషన్లు దుకాణానివి, కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే అధికారం దుకాణానిది. కాబట్టి వీళ్లు ఉద్యోగులే అన్నారు.

డెలివరీ కుర్రాళ్లు ఇష్టమున్నప్పుడు లాగిన్ అవుతారు, ఇంకో యాప్‌లోనూ పనిచేస్తారు అని ఇవాళ యాప్ కంపెనీలు చెప్పే మాట ఆ దుకాణదారులు ఎప్పుడో చెప్పి ఓడిపోయిందే. బండి కుర్రాడిదే కదా అని ఒక అభ్యంతరం వస్తుంది. నిజమే, దర్జీ మిషను దుకాణానిది. కానీ దీన్ని తిరగేసి చూడాలి. ఆర్డరు ఎవరికి పోవాలో, కిలోమీటరుకు ఎంత ఇవ్వాలో, రేటింగు పడితే ఎవరి ఐడీ బ్లాక్ చేయాలో నిర్ణయించేది యాప్. ఈ పనికి అసలు పనిముట్టు అదే. పైగా బండి ఖర్చు కూడా కుర్రాడి మీద వేశారంటే అతని స్వేచ్ఛ పెరిగినట్టా, కూలి తగ్గినట్టా?

కాలిఫోర్నియా తీర్పును 2019లో అక్కడి శాసనసభ చట్టంగా మార్చింది. మరుసటి ఏడాదే యాప్ కంపెనీలు 20 కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చుపెట్టి, ప్రజల ఓటుతో తమ డ్రైవర్లను ఆ చట్టం నుంచి తప్పించాయి. 2024లో కోర్టు దాన్ని నిలబెట్టింది. అక్కడ డ్రైవర్లకు ఇప్పుడు కనీస వేతనానికి 120 శాతం హామీ ఉంది. కానీ ఆ లెక్క ఆర్డరు ఒప్పుకున్నప్పటినుంచి అది చేర్చేదాకానే. ఆర్డరుకూ ఆర్డరుకూ మధ్య రోడ్డు పక్కన కాచుకున్న గంటలకు పైసా లేదు.

మన దేశానికి వస్తే, 2020 సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అగ్రిగేటర్లు, అంటే ఈ యాప్ కంపెనీలు, వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రత నిధికి జమచేయాలి. అది పనివారికి చెల్లించే మొత్తంలో 5 శాతం మించనక్కర్లేదు. ప్రమాద బీమా, ఆరోగ్యం వంటి పథకాలకు ఈ డబ్బు. మంచిదే. అయితే ఆ కోడ్ గిగ్ కార్మికుణ్ణి, అంటే మన డెలివరీ కుర్రాడి లాంటివాణ్ణి, యజమాని, ఉద్యోగి అనే సంప్రదాయ సంబంధానికి బయటి మనిషిగా నిర్వచించింది. కనీస కూలి గురించి, బ్లాక్ చేసిన ఐడీ గురించి అడిగే హక్కు అందులో లేదు. నిధి ఇచ్చి కూలి అడగవద్దనడాన్ని నేను అంగీకరించను. ఆ నిర్వచనం ముందు సిల్వర్ జూబిలీ తీర్పును పెట్టి వాదించాల్సిన పని మన న్యాయవాదులది.

యూనియన్ మిత్రులకు ఒక మాట. రేటు కార్డు మారిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో సహా యూనియన్ ఆఫీసుకు పంపమని సభ్యులకు చెప్పండి. పెట్రోలు బిల్లులు దాచమనండి. లాగిన్ గంటలు ఏ రోజువి ఆ రోజే రాసుకోమనండి. మన దగ్గర ఇంకా రుజువు భారం పనివాడి మీదే ఉంది. ఐడీ బ్లాక్ అయ్యాక యాప్ తెరుచుకోదు, లెక్కలన్నీ కంపెనీ దగ్గరే ఉండిపోతాయి.