గురువు – సమదృష్టి





పదవ తరగతి పరీక్షలు సమీపించినపుడు పిల్లలు ఆలయమునకు వచ్చి, హాల్ టిక్కెట్టును, కలమును అమ్మవారి పాదములచెంత ఉంచి పూజ చేయించుకొందురు. అట్టి పిల్లలు మావంటి వృద్ధులతో మాట్లాడునపుడు చెప్పు మాట యొకటి మేము చాలకాలముగా వినుచున్నాము. లెక్కలు కష్టముగా ఉన్నవని చెప్పుదురనుకొందుము. కాని వారు "మా మాష్టారికి నేనంటే గిట్టదండీ" అందురు. ప్రక్కన నిలిచిన మరొక పిల్లవాడు "మా క్లాసు టీచరుగారికి నేనంటే చాల ఇష్టమండీ" అనును. మనము మొదటివానిని చూచి జాలిపడుదుము, రెండవవానిని చూచి సంతోషింతుము. ఈ యిద్దరిలో ఎక్కువ నష్టపోవుచున్నవాడు ఎవడు? దీనిని నేడు మీతో కలిసి విచారింపదలచితిమి.

ఉన్నత పాఠశాలలో పక్షపాతము పెద్ద అన్యాయముగా కనబడదు. చిన్న చిన్న విషయములలో దాగియుండును. పదిమంది చేతులెత్తినను ముందుబల్లపై కూర్చున్న ఒక్కని పేరే గురువు నోట వచ్చును. ఇంటిపని చేయనివారు ఇద్దరున్నచో, ఒకనిని "రేపు తెమ్ము" అని నవ్వి విడిచిపెట్టుదురు, రెండవవానిని తరగతి బయట నిలువబెట్టుదురు. క్లాసు లీడరు పదవి, వార్షికోత్సవమున వేదికపై ప్రార్థన, తనిఖీ అధికారి వచ్చినపుడు పద్యము చెప్పు అవకాశము, ఇవి యన్నియు ఏటేట ఆ నలుగురికే లభించును. మంచి మార్కులు, చక్కని దుస్తులు, పలుకుబడి గల తండ్రి, సాయంకాలము ట్యూషనుకు వచ్చుట, ఒక్కొక్కచోట కులము కూడ దీనికి కారణములగుచున్నవి. తాను పక్షపాతము చూపుచున్నానను తలంపు గురువునకు లేకపోవచ్చును. కాని తరగతిలోని పిల్లలందరు ఆయన ముఖమును చూచుచునే యుందురు. పాఠ్యపుస్తకము చదువనివాడు కూడ గురువుగారి ముఖమును తప్పక చదువును.

ఈ రోగము నేటిది కాదు. మహాభారతములో ద్రోణాచార్యుల శిక్షణశాలను చూడుడు. ద్రోణుడు సామాన్యుడు కాడు. భరద్వాజుని కుమారుడు, పరశురామునివలన అస్త్రములు పొందినవాడు. తన్ను చంపుటకై యజ్ఞాగ్నినుండి పుట్టిన ధృష్టద్యుమ్నునికి సైతము అస్త్రవిద్య నేర్పిన ఉదారుడు. అంతటి గురువు మనస్సులో కూడ పక్షపాతము ఎట్లు ప్రవేశించెనో వ్యాసభగవానుడు దాచక చెప్పెను. గురువులను నిందించుటకు కాదు, గురుస్థానమున కూర్చున్నవారిని హెచ్చరించుటకే చెప్పెనని మేము తలంతుము.

ద్రోణుడు శిష్యులను నీళ్లకు పంపునపుడు అందరికి ఇరుకుమూతి కమండలువులను ఇచ్చి, కుమారుడైన అశ్వత్థామకు మాత్రము వెడల్పుమూతి కుండను ఇచ్చెడివాడు. ఆ కుండ త్వరగా నిండును. మిగిలినవారు వచ్చులోగా కుమారునికి ఒక విశేషపాఠము చెప్పవచ్చును. అర్జునుడు ఇది కనిపెట్టి, వారుణాస్త్రముతో తన కమండలువును నింపుకొని అశ్వత్థామతోపాటే తిరిగి వచ్చుచుండెను. చూచితిరా! మన ఊళ్లలోని ప్రత్యేక ట్యూషను ఆనాటి కుండలోనే ఉన్నది.

అర్జునుని శ్రద్ధ గొప్పది. చీకటిలో భుజించుచు, అభ్యాసబలముచేత చేయి నోటికే పోవుచున్నదని గమనించి, రాత్రివేళ బాణాభ్యాసము మొదలుపెట్టెను. ద్రోణుడు వింటినారి మ్రోత విని వచ్చి, కౌగిలించుకొని, లోకములో నీతో సమానుడైన విలుకాడు లేకుండునట్లు చేసెదనని మాట యిచ్చెను. శ్రద్ధను మెచ్చుట తప్పు కాదు. "నీవు ఎంతవరకు నేర్వగలవో అంతవరకు నేర్పెదను" అనిన అది దీవెన. "నీకు సమానుడు ఉండకుండ చేసెదను" అనిన అది ఇతర శిష్యులకు తలుపు మూయుట.

ఆ మాట ఎవరికి తగిలెనో మీరెరుగుదురు. నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వములోను ఆ కథ కలదు. హిరణ్యధనువు అను నిషాదరాజు కుమారుడు ఏకలవ్యుడు విద్య కోరి రాగా, నిషాదుడను కారణమున ద్రోణుడు స్వీకరింపలేదు. ఆ బాలుడు అడవిలో మట్టితో గురుప్రతిమ చేసికొని, దాని యెదుట అభ్యసించి మహావిలుకాడాయెను. అర్జునుడు అతని నైపుణ్యము చూచి, ఏకాంతమున ద్రోణునితో, "నన్ను మించిన శిష్యుడుండడని చెప్పితిరి కదా, ఇతడెట్లు ఉన్నాడు?" అను భావముతో అడిగెను. గురువు పోయి కుడిచేతి బొటనవ్రేలు దక్షిణగా కోరెను. ఏకలవ్యుడు ముఖము వాడకుండ కోసి యిచ్చెను. అటుపిమ్మట అతని చేతికి మునుపటి వేగము లేకపోయెను.

దీనిని మనము గురుభక్తికి ఉదాహరణగా చెప్పుకొందుము. అది నిజమే. అయితే వ్యాసులవారు అక్కడ ఇంకొక మాట కూడ చెప్పిరి. అర్జునునికి జ్వరము తీరినట్లయ్యెనట! గురువుగారికి అత్యంత ప్రియుడైన శిష్యునికి ఆ జ్వరమేల వచ్చెను? తన స్థానమును మరొకడు తీసికొనునేమో అను భయముచేత వచ్చెను. మెప్పునకు అలవాటుపడిన పిల్లవానికి శాంతి ఉండదు. ముందుబల్లపై కూర్చున్న బిడ్డ, ప్రక్కవానికి రెండు మార్కులు ఎక్కువ వచ్చిననాడు అన్నము మానుట మీలో అనేకులు చూచియే యుందురు. ఆ జ్వరము ఇదియే.

ఇక కర్ణుడు. శాంతిపర్వమున నారదుడు ధర్మరాజునకు చెప్పిన వృత్తాంతమిది. కర్ణుడు అర్జునునితో సమానుడు కావలెనని ద్రోణుని ఏకాంతమున బ్రహ్మాస్త్రము అడిగెను. ద్రోణునికి అర్జునునియందు పక్షము, కర్ణుని దుష్టబుద్ధి కూడ ఎరుక. నిరాకరించెను. కర్ణుడు మహేంద్రగిరికి పోయి, తాను భృగువంశజుడనని అసత్యము చెప్పి పరశురాముని ఆశ్రయించెను. అసత్యము బయటపడి, అవసానకాలమున ఆ అస్త్రము స్మరణకు రాకుండునట్లు శాపము పొందెను. అసత్యము కర్ణుని దోషమే, సందేహము లేదు. కాని మూసిన తలుపుల ముందు నిలిచిన పిల్లలు దొడ్డిదారి వెదకుదురని ఆ కథ చెప్పుచున్నది. నేడు పరీక్షలో చీటీ దాచువాడు, గురువుకు తోటివారిమీద చాడీలు చెప్పి దగ్గర కావలెనని చూచువాడు, ఆ దారినే నడచుచున్నారు.

మరి వెడల్పుమూతి కుండ పొందినవాని గతి యేమి? సౌప్తికపర్వమును చూడుడు. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రమును అర్జునునికి ఇచ్చెను. అశ్వత్థామ ఓర్వలేక తనకును కావలెనని అడిగెను. కుమారుని చాపల్యము తండ్రికి తెలియును. మనస్సు సంతోషింపకయే ఇచ్చి, ఎంతటి ఆపదలోను మనుష్యులపై ప్రయోగింపవద్దని హెచ్చరించెను. యుద్ధాంతమున అశ్వత్థామ దానినే ప్రయోగించెను. అర్జునుడు ప్రత్యస్త్రము వేసి, మహర్షులు మధ్య నిలువగా, తన అస్త్రమును ఉపసంహరించుకొనెను. అశ్వత్థామకు ఉపసంహరించుట చేతకాలేదు. అది పాండవస్త్రీల గర్భములపైకి పోయెను. శ్రీకృష్ణుని అనుగ్రహముచేతనే ఉత్తరగర్భస్థుడైన పరీక్షిత్తు బ్రతికెను. అడిగినంతనే పొందినవాడు అస్త్రమును వదలుట నేర్చెను, మరలించుట నేర్వలేదు. పక్షపాతమువలన ఎక్కువగా నష్టపోయినవాడు ముద్దుబిడ్డయే యని వ్యాసవాణి చెప్పుచున్నది.

గురుదృష్టికి గల శక్తిని ఆధునికులు కూడ పరీక్షించి చూచిరి. అమెరికాలో రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జాకబ్సన్ అనువారు 1968లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి పరీక్ష ఒకటి కలదు. ఒక ప్రాథమిక పాఠశాలలో కొందరు పిల్లలను చీట్లు తీసినట్లు ఎంచి, వీరు ఈ యేడు బాగుగా వికసింతురని ఉపాధ్యాయులకు చెప్పిరి. సంవత్సరాంతమున, చిన్న తరగతులలో ఆ పిల్లలే మిగిలినవారికంటె ముందుకు పోయినట్లు తేలెను. ఆ ప్రభావము ఎంతటిదని పండితులు తరువాత వాదించుకొనిరి. కాని గురువు ఎవనియందు ఆశ పెట్టునో వానికి ఓపికతో చెప్పునని, ఎవనియందు ఆశ విడుచునో వాడు తనయందు తానే ఆశ విడుచునని మన అనుభవము కూడ చెప్పుచున్నది.

అయితే సమదృష్టి యనగా అందరికి ఒకే కొలత కాదు. వైద్యుడు జబ్బు ఎక్కువగా ఉన్నవాని మంచముకడ ఎక్కువసేపు నిలుచును. దానిని ఎవరును పక్షపాతమనరు. వెనుకబల్లవానికి లెక్క రెండుమార్లు చెప్పుట ధర్మమే. గురువునకు ఇంపైనవానికి ఎక్కువ ఇచ్చుట పక్షపాతము, అవసరమున్నవానికి ఎక్కువ ఇచ్చుట వాత్సల్యము. వేదపాఠశాలలో సంత చెప్పునపుడు గురువు ఒకమారు పలుకగా శిష్యులందరు రెండుమార్లు పలుకుదురు. అక్కడ స్వరమే ప్రమాణము. స్వరము తప్పినవాడు గురుపుత్రుడైనను మరల చెప్పవలసినదే. సరిగా పలికినవాడు నిరుపేద యింటి బిడ్డయైనను ముందుకు పోవలసినదే. తైత్తిరీయోపనిషత్తులో గురుశిష్యులు కలిసి చేయు ప్రార్థనలో, మా యిద్దరి మధ్య ద్వేషము కలుగకుండుగాక యని వేడుకొందురు. గురువు కూడ ఆ ప్రార్థన చేయవలసి యున్నదనగా, గురువు మనస్సు కూడ జారునని మన ఋషులు ఎరుగుదురు.

భాగవతమున సాందీపని మహర్షిని చూడుడు. ఆయన యింట శ్రీకృష్ణుడు, పేదవాడైన కుచేలుడు కలిసి చదివిరి. గురుపత్ని కట్టెలకు పంపగా అడవిలో గాలివాన వచ్చి, రాత్రియంతయు ఇద్దరు చేయి చేయి పట్టుకొని తిరిగిరి. తెల్లవారగనే గురువు స్వయముగా వెదకికొనుచు వచ్చి, ఇద్దరిని చూచి బాధపడి, ఇద్దరిని దీవించెను. యదువంశపు బాలునికి ఒక దీవెన, దరిద్రునికి ఒక దీవెన లేవు.

విద్యార్థులారా! మీకు రెండు మాటలు. ధౌమ్యుని శిష్యుడు ఆరుణి పొలము గట్టు తెగగా, నీటిని ఆపలేక తానే అడ్డముగా పరుండెను. చూచి మెచ్చువారు అక్కడ ఎవరును లేరు. గురువు వెదకికొనుచు వచ్చి పిలిచినవరకు అతడు లేవలేదు. గురువు చూడనపుడు మీరు ఏమి చేయుదురో అదియే మీ చదువు.

రెండవది, గురువు మిమ్ము చూడకపోయినను చదువును విడువకుడు. ఛాందోగ్యములో సత్యకామ జాబాలుని శిష్యుడు ఉపకోసలుడు పండ్రెండేండ్లు గురువుగారి అగ్నులను సేవించెను. గురువు తక్కినవారికి చదువు ముగించి ఇండ్లకు పంపెను, ఇతనిని పంపలేదు. గురుపత్ని భర్తతో, ఈ పిల్లవాడు చక్కగా అగ్నిసేవ చేసెను, ఇతనికి ఉపదేశింపుడని చెప్పెను. గురువు చెప్పకయే ప్రయాణమై పోయెను. దుఃఖముతో ఉపకోసలుడు అన్నము మానెను. గురుపత్ని ప్రేమతో అడుగగా తన దుఃఖమును దాచక చెప్పెను. అప్పుడు అతడు సేవించిన అగ్నులే అతనికి విద్య చెప్పినవి. గురువు తిరిగి వచ్చి, శిష్యుని ముఖమున బ్రహ్మవర్చస్సు చూచి, కోపింపక, మిగిలిన విద్యను తానే పూర్తి చేసెను. శ్రద్ధగా సేవించిన విద్య మిమ్ము విడువదు. దుఃఖము కలిగినచో ఇంటిలో పెద్దలతో చెప్పుడు, లోపల దాచుకొనకుడు.

తల్లిదండ్రులారా! ఆ గురుపత్ని మీకు మార్గము చూపినది. బిడ్డ యెదుట గురువును తిట్టకుడు. పాఠశాలకు పోయి, గౌరవముగా, విషయము స్పష్టముగా చెప్పుడు. సాయంకాలము బిడ్డను "టీచరుగారు నిన్ను మెచ్చుకొన్నారా?" అని అడుగుట మాని, "ఈ దినము ఏమి తెలిసికొన్నావు నాయనా?" అని అడుగుడు. మీ పలుకుబడితో, కానుకలతో మీ బిడ్డకు వెడల్పుమూతి కుండ సంపాదింపకుడు.

ఉపాధ్యాయ మహాశయులారా! 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 28వ విభాగమున ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషను చెప్పరాదని ఉన్నది. చట్టమునకు ముందే అది ధర్మము. వారమునకొకమారు హాజరుపట్టీని ముందుంచుకొని, ఈ వారము ఏయే పిల్లల పేరు పెట్టి పిలువలేదో చూచుకొనుడు. రేపు తరగతిలో మొదటి ప్రశ్న ఆ పిల్లలలో ఒకరిని అడుగుడు. సమాధానము తప్పైనను నవ్వకుడు, ఇతరులను నవ్వనీయకుడు.

శారదాంబ మన పాఠశాలలలో ముందుబల్లయందును వెనుకబల్లయందును సమముగా నిలిచి, బిడ్డలందరికి విద్యను, గురువులందరికి సమదృష్టిని అనుగ్రహించుగాక!

స్వస్తి.