యాంగిల్ గేజ్: అంకెను ఎప్పుడు నమ్మాలి?



మన సభ్యులం కొందరం సోలార్ ప్యానళ్ళ స్టాండ్లు బిగిస్తున్నాం, ర్యాంపుల సిమెంటు పని చేస్తున్నాం. ఈ పనుల్లో బిల్లు ఆగేది తరచుగా ఒక్క మాట దగ్గరే: "వాలు సరిగా లేదమ్మా." నోటితో జవాబు చెబితే అది వాదన అవుతుంది. అంకె చూపిస్తే ఎదుటివాళ్ళూ కొలిచి చూడాల్సిందే. వాలు ఉందా లేదా అన్నది రసమట్టం చెబుతుంది, ఎంత ఉందో డిజిటల్ యాంగిల్ గేజ్ చెబుతుంది.

అయితే ఆ చిన్న పెట్టె తన కింద ఉన్న నాలుగు వేళ్ళ చోటు వాలే చెబుతుంది, మొత్తం పనిది కాదు. సిమెంటు ర్యాంపు మీద నేరుగా పెడితే ఒక ఇసుక రవ్వ చాలు, అంకె మారిపోతుంది. అందుకని ముందు ఊడ్చి, పొడవాటి నిటారు అల్యూమినియం బద్ద పరిచి, దాని మీద గేజ్ పెడతాం. రెండు మూడు చోట్ల చూస్తాం.

ఇనుప స్టాండుకు అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. అంటుకుంది కదా అని నమ్మకూడదు. వెల్డింగు బొట్లు, పెయింటు బుడిపెలు గీకాలి. డ్రిల్లు వేసినప్పుడు రాలిన ఇనుప రజను అయస్కాంతానికే పట్టుకుంటుంది, గుడ్డతో తుడవాలి. ప్యానల్ ఫ్రేము అల్యూమినియం, దానికి అయస్కాంతం పట్టదు. చేత్తో ఆనించి పట్టుకోకపోతే పెట్టె జారి కింద పడుతుంది. కొట్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు!

పని మొదలుపెట్టే ముందు గేజ్‌నే పరీక్షించాలి. బల్ల మీద ఒక చోట గీత గీసి పెట్టి, అంకె చూసి, అక్కడే అటుది ఇటు తిప్పి మళ్ళీ చూడాలి. రెండుసార్లూ వాలు ఒకే వైపు, ఒకే అంకె చూపాలి. ఒకసారి 0.6, ఇంకోసారి 0.2 వస్తే బల్ల వాలు 0.4, గేజ్ తప్పు 0.2. ఆ 0.2 డిగ్రీలే పది అడుగుల పొడవున సెంటీమీటరు పైచిలుకు తేడా తెస్తాయి. ఇంకో జాగ్రత్త, జీరో బటన్. వాలుగా ఉన్న చోట అది నొక్కితే ఆ వాలే సున్నా అయి కూర్చుంటుంది.

అన్నిటికంటే ఖరీదైన గందరగోళం డిగ్రీకీ శాతానికీ మధ్య. చక్రాల కుర్చీ ర్యాంపు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అది 8.3 శాతం, అంటే సుమారు 4.8 డిగ్రీలు. తెర మీద డిగ్రీ గుర్తు ఉన్నప్పుడు 8.3 చూసి పోస్తే, అడుగు ఎత్తుకు ఏడు అడుగులే వస్తుంది. కుర్చీలో ఉన్న అక్క తనంతట తాను ఎక్కలేదు, దిగేటప్పుడు పట్టు తప్పుతుంది.

గేజ్ సమాఖ్య ఆఫీసు బీరువాలో ఉంటుంది. తీసుకెళ్ళేవాళ్ళు రిజిస్టరులో సంతకం చేయండి. తెచ్చి ఇచ్చేటప్పుడు అడుగు తుడిచి, బ్యాటరీ తీసి పెట్టండి.