గొంతునొప్పి పురుగు – మందుకు లొంగని విద్య

(శ్రీనివాసపురంలో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



వేపపూత పచ్చడి తిని, పంచాంగ శ్రవణం చేసిన నోటితో, చెవితో జబ్బుల మాట యెందుకని కొందరికి తోచవచ్చు. కాని కొత్త యేడు పిల్లలు చల్లగా వుండాలని కోరని ఇల్లు లేదు గదా! అందుచేత ప్రతి యింటా వినబడే గొంతునొప్పిని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాము.

గొంతునొప్పులలో చాలాభాగం వైరస్సుల వల్ల వచ్చి, వాటంతట అవే పోతవి. వాటికి యాంటిబయాటిక్ మందులు పనిచేయవు. కొన్ని మాత్రం స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తవి. సూక్ష్మదర్శినిలో ఇది పూసల దండవలె కనబడుతుంది. ఇరుకు ఇళ్లలో, పదిమంది కలిసి పడుకునే చోట త్వరగా అంటుకుంటుంది. దీనికి సరియైన వైద్యం జరగకపోతే, అయిదు మొదలు పదిహేనేండ్ల పిల్లలలో కొందరికి కీళ్లవాపుతో రుమాటిక్ జ్వరం వచ్చి, గుండె కవాటాలు శాశ్వతంగా చెడిపోవచ్చు.

ఈ కథలో మన తెలుగువారికి ఒక బంధుత్వం వున్నది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, అక్కడ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో అది లోకానికి వెల్లడి అయినది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటి మందు. సూక్ష్మజీవిలో మాంసకృత్తులను తయారుచేసే రైబోసోమ్ అనే యంత్రాన్ని పట్టుకొని, దాని పని ఆపడం ఈ మందుల పద్ధతి. అయితే టెట్-ఎం అనే జన్యువు వున్న స్ట్రెప్టోకాకస్, ఆ పట్టును ఊడగొట్టే మాంసకృత్తును తయారుచేసుకుంటుంది.

1952లో వాడుకలోకి వచ్చిన ఎరిత్రోమైసిన్‌దీ ఇదే గతి. ఎర్మ్ అనే జన్యువు, మందు అంటుకునే చోటనే చిన్న మార్పు చేసి, దానికి పట్టు దొరకకుండా చేస్తుంది. మెఫ్ అనే జన్యువు లోపలికి వచ్చిన మందును బయటికి తోడిపోస్తుంది. నేడు చీటికి మాటికి మింగుతున్న అజిత్రోమైసిన్ కూడ ఆ కుటుంబంలోనిదే. కనుక ఒకదానికి లొంగని పురుగు రెండవదానికీ లొంగదు. ఎరిత్రోమైసిన్ కుటుంబానికి లొంగని ఈ స్ట్రెప్టోకాకస్‌ను 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన హెచ్చరిక జాబితాలో చేర్చింది.

ఈ విద్య ఒక పురుగు నుండి మరొక పురుగుకు యెట్లా వస్తుంది? శ్రీనివాసపురం మామిడి రైతులకు అంటుకట్టడం తెలుసు. ఒక చెట్టు కొమ్మ మరొక చెట్టు మీద నిలిచి తన కాయనే కాస్తుంది. కాని అక్కడ వేరు గుణం మారదు. సూక్ష్మజీవి అట్లా కాదు. పరాయి డి.ఎన్.ఎ. ముక్కను తనలో కలుపుకొని, సంతానమంతటికీ పంచిపెడుతుంది. ఈ వింతను 1928లో గ్రిఫిత్ గమనించింది న్యుమోనియా తెచ్చే స్ట్రెప్టోకాకస్‌లోనే. చచ్చిన పురుగుల గుణం బ్రతికివున్న వాటికి సంక్రమించింది. ఆ గుణాన్ని మోసినది డి.ఎన్.ఎ. అని 1944లో ఏవరీ, మెక్‌లియోడ్, మెకార్టీలు నిరూపించారు. ఆ న్యుమోనియా పురుగే దగ్గరి జాతుల ముక్కలను యేరుకొని, పెన్సిలిన్ అంటుకునే మాంసకృత్తుల జన్యువులను అతుకుల బొంతగా మార్చుకున్నది. పెన్సిలిన్‌కు సరిగా లొంగని రకం 1967లో ఆస్ట్రేలియాలోను, పలు మందులకు లొంగని రకాలు 1977లో దక్షిణాఫ్రికాలోను బయటపడినవి.

మరొక సంగతి. టెట్-ఎం, ఎర్మ్-బి జన్యువులు రెండూ కదిలే ఒకే ముక్క మీద జంటగా వుండడం కద్దు. అప్పుడు ఒక మందును అనవసరంగా వాడినా, రెండు మందులకూ లొంగని పురుగులే మిగిలి వృద్ధి పొందుతవి.

ఇంత చీకటిలోనూ ఒక దీపం వున్నది. గొంతునొప్పి తెచ్చే పయోజెనిస్ నేటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే వున్నది. అయినా నిశ్చింత తగదు. పెన్సిలిన్ కుటుంబంలోని కొన్ని మందులకు కొంత తక్కువగా లొంగే రకాలు అమెరికాలో కనబడినట్లు 2020 నాటికే తెలిసినది.

కనుక మా మనవి ఇది. జలుబుకు దుకాణంలో అడిగి యాంటిబయాటిక్ కొనవద్దు. వైద్యుడు పది దినాలు వాడుమంటే, మూడవనాడు నొప్పి తగ్గినా పదీ వాడవలె. మిగిలిన మాత్రలు పక్కింటి బిడ్డకు ఇవ్వరాదు. 2021 నుండి దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా వేయిస్తున్న న్యూమోకాకల్ టీకాను పసిబిడ్డలకు తప్పక వేయించవలె.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. రుమాటిక్ జ్వరం వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ సూది యేండ్ల తరబడి సాగవలసి వుంటుంది. మనవంటి వలస కుటుంబాలు పనికోసం ఊరు మారుతూ వుంటవి, పండుగలకూ పెండ్లిళ్లకూ స్వగ్రామం పోతూ వుంటవి. మూట కట్టుకునేటప్పుడు ఆ వైద్యపు చీటీ కూడ కట్టుకొని, చేరిన ఊళ్లో గడువు తప్పకుండా సూది వేయించండి. ఒక్క సూది తప్పినా గుండె మీదికి రావచ్చును.